సంతకం లేని జీవో

జీవో నంబరు చెప్పకుండా పెనుకొండ ఆంజనప్పను ఏ మాటా నమ్మించలేరు. రేపు ఆదివారం అన్నా సరే, కళ్లజోడు ముక్కు కొసకు జార్చి "ఆర్డరు యాడుండాది?" అంటాడు. సబ్ ట్రెజరీలో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చూసి రిటైరై పదేళ్లయింది. ఆ రోజు ఆఫీసువాళ్లు దండ వేసి, శాలువా కప్పి, జీపులో ఇంటిదాకా వదిలి వచ్చారు. అది గౌరవమని ఆయన అనుకున్నాడు. మళ్లీ వెనక్కి రాకుండా ఉంటే చాలునని వాళ్లు అనుకున్నారు.

బస్టాండు దగ్గర మారుతి సెలూన్లో గడ్డం రేటు నలభై నుంచి యాభై అయినప్పుడు జరిగింది ఊరంతటికీ తెలుసు.

"ఎవరు పెంచినారు?" అన్నాడు ఆంజనప్ప, సగం నురగ ముఖంతో.

"నేనే సార్."

"నువ్వు నోటితో పెంచితే సరిపోతాదా? రాతలో యాడుండాది?"

పది రోజులు ఆయన గడ్డంతోనే తిరిగాడు. పదకొండో రోజు మారుతి అద్దం పక్కన ఒక అట్ట తగిలించాడు. 'జీవో నంబరు 1. గడ్డం యాభై. కటింగు నూరు. ఇట్లు, మారుతి.' ఆంజనప్ప దాన్ని రెండుసార్లు చదివి, ఏ తేదీ నుంచి అమలో రాయలేదని పెన్ను తీసి తేదీ వేసి, కుర్చీలో కూర్చుని, యాభై ఇచ్చి పోయాడు.

తర్వాత ఆ ఊరికి ఉద్యోగానికి వచ్చిన వీణ ఆయన్ను మొదటిసారి చూసింది మాత్రం ధర్మవరంలో, తన పెదనాన్న కూతురి పెళ్లిచూపుల్లో. మధ్యవర్తికి స్నేహితుడని ఆయన్ను కూడా పిలిచారు. పిలిచినవాళ్లు ఆ తర్వాత ఎవరినీ ఏ శుభకార్యానికీ పిలవలేదని చెప్పుకుంటారు. పిల్లవాడు ప్రభుత్వ ఉద్యోగి. అంతవరకూ అందరి ముఖాలూ వెలుగుతున్నాయి.

"ఏ సంవత్సరం చేరినావు నాయనా?" అని ఆంజనప్ప అడిగాడు.

"పద్దెనిమిదిలో సార్."

"అయితే సీపీఎస్సే," అన్నాడు ఆంజనప్ప, రిపోర్టు చూసిన డాక్టరులా తల ఊపుతూ.

లోపలి గదిలో ఆడవాళ్ల మధ్య చిన్న కలకలం పుట్టింది. వీణ అవ్వ చెవి దగ్గర చేయి పెట్టుకుని, "ఏమంటాండాడు?" అంది.

"పిల్లోనికి సీపీఎస్ అంట."

"ఎన్నేండ్ల నుంచి?"

"ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అంట."

"మందు ల్యాదంటనా?"

బయట ఆంజనప్ప ఆ సంగతికే వచ్చాడు. రెండువేల నాలుగుకు ముందు చేరినవాళ్లకు ఆఖరి జీతంలో సగం చచ్చేదాకా వస్తుందని, ఆ తర్వాత చేరినవాళ్లు నెలనెలా తామే జీతంలోంచి కట్టుకోవాలని, చివరికి చేతికెంత వస్తుందో షేర్ మార్కెట్టుకూ దేవుడికీ తప్ప తెలియదని చెప్పాడు. "దానికి మందని చెప్పి ఇప్పుడు జీపీఎస్ తెచ్చినారు," అన్నాడు.

"జీపీఎస్ అంటే ఫోన్లో దారి చూపిస్తాదే, అదా?" అని పెదనాన్న అడిగాడు.

"అదే. యాడికి పోతాండామో తెలియకనే పెట్టినారు."

ఆ వివరణ గంటన్నర సాగింది. బజ్జీలు చల్లారిపోయాయి. పెళ్లికొడుకువాళ్ల హిందూపురం బస్సు తప్పిపోయింది. పెళ్లయితే జరిగింది గానీ, అవ్వ ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా "అల్లునికి ఆ సీపీఎస్ ఏమన్నా తగ్గిందా?" అని అడుగుతుంది.

తర్వాత రెండేళ్లకు వీణకు పెనుకొండ వార్డు సచివాలయంలో పోస్టింగు వచ్చింది. ప్రతినెలా ఒకటో తారీఖు తెల్లవారగానే ఇల్లిల్లూ తిరిగి వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు పింఛను ఇచ్చే పని ఆమెది. ధర్మవరం నుంచి మొదటి రైలుకు వచ్చి, పింఛనుదారును గుర్తుపట్టే మిషను సంచిలో వేసుకుని బయలుదేరితే, ఆ వీధిలో మొదట ఎదురయ్యేది ఆంజనప్పే. ఆయనకు ఆ పింఛనుతో సంబంధం లేదు. ఆయనది బ్యాంకులో పడుతుంది. అయినా వాచీ చూసుకుంటూ నిలబడి ఉండేవాడు.

"ఎనిమిది నిమిషాలు లేటు."

"రైలు లేటు సార్."

"పింఛను ఉత్తర్వుల్లో రైలు మాట లేదమ్మా."

అలా అని వెంటే నడిచేవాడు. కన్నవాళ్లకు కూడా లేని శ్రద్ధ అది. వద్దనడానికి ఏ జీవో దొరుకుతుందో వీణకు తెలియలేదు.

పింఛన్ల సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు, పింఛన్లిచ్చే వీణకు తప్ప. ఇంట్లో ఫ్రిజ్ ఉంటే పింఛను పోతుందని ఎవరో చెప్పగా విని హసీనాబీ ప్రతి ఒకటో తారీఖూ దాని మీద దుప్పటి కప్పేది.

"అదేమిటవ్వా?" అని ఒకసారి వీణ అడిగింది.

"బీరువా తల్లీ."

బీరువా గుర్రుమంటూ ఉంది. ఆంజనప్ప జేబులోంచి కాగితం తీసి, ఫ్రిజ్ మాట ఏ నిబంధనలోనూ లేదని మొదటి పేరా నుంచి చదవడం మొదలుపెట్టాడు. హసీనాబీ మర్యాదగా తల ఊపింది. మరుసటి నెల బీరువా మీద రెండు దుప్పట్లు ఉన్నాయి.

వీణకు ఒక విషయం అర్థమైంది. మంచి మాట చెబితే జనం అది ప్రభుత్వం మాట కాదనుకుంటారు. పీకేస్తారు, కోసేస్తారు, ఆపేస్తారు అంటే మాత్రం సంతకం, సీలు ఏవీ అడక్కుండా నమ్ముతారు. వాళ్ల తప్పూ కాదు. పేర్లు మారాయి, ఇచ్చే మనుషులు మారారు, వేలిముద్ర పోయి కన్ను వచ్చింది, కొందరికి కన్ను కూడా పోయి ముఖం వచ్చింది. ప్రతి మార్పుకూ ఎవరో ఒకరి పింఛను రెండు నెలలు ఆగింది. అది అందరికీ గుర్తుంది.

ఈ నమ్మకం అందరికంటే గట్టిగా ఉన్నది హనుమమ్మకు. డెబ్బై దాటిన మనిషి. ఆంజనప్ప ఇంటి వెనక రేకుల ఇంట్లో, మూడు మేకలతో ఉంటుంది. ముప్పై ఏళ్లు చెనక్కాయలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. వేలు పెడితే మిషను కిక్కురుమనదు. అందుకని ఆమె కంటిని చూపిస్తే పింఛను వచ్చేది. ఇప్పుడు రెండు కళ్లలోనూ పొరలు ముదిరాయి. వీధిలో కరెంటు స్తంభాన్ని "ఏమప్పా యల్లప్పా, యాడికి పోతాండావు?" అని పలకరించేది. అది జవాబివ్వకపోతే యల్లప్పకు పొగరెక్కిందని తిట్టేది.

హిందూపురంలో ఒక ధర్మాసుపత్రివాళ్లు ఉచితంగా ఆపరేషన్లు చేస్తున్నారని, వ్యాను కూడా పంపుతారని వీణ చెప్పింది.

"పోను," అంది హనుమమ్మ.

"ఏమిటికవ్వా?"

"మిషను ఈ కన్ను చూసే గదా నాకు దుడ్లిచ్చేది? కన్ను కోసినాక ఇది హనుమమ్మ కాదు అంటే నేను యాడికి పోవల్ల?"

వీణకు ఒక్క క్షణం ఆ లెక్కలో తప్పు కనిపించలేదు. తేరుకుని, "మిషను పట్టకపోయినా ఇచ్చే పద్ధతి ఉండాదవ్వా. నేనుండాను గదా," అంది.

"నీకు ముందు దుడ్లు తెచ్చే వలంటీరు పిల్లోడు గూడా ఇదే చెప్పినాడు, ఎప్పటికీ నేనే వస్తా అవ్వా అని. ఇప్పుడు వాడు బెంగుళూరులో పార్సిళ్లు మోస్తాండాడు. నిన్ను రేపు యాడికో ట్రాన్స్‌ఫర్ చేస్తే ఎవరిని అడగల్ల?"

ఇక ఆంజనప్ప రంగంలోకి దిగాడు. మూడు ఫైళ్లు తెచ్చి ఆమె గడపలో కూర్చుని, విషయము, సూచిక, ప్రతులు ఎవరెవరికి పంపబడ్డాయో కూడా వదలకుండా ముప్పావు గంట చదివాడు. ముగించి చూస్తే హనుమమ్మ గోడకు ఆనుకుని నిద్రపోతోంది. ఒక మేక రెండో ఫైలు దారం నములుతోంది.

నవంబరు ఒకటిన వీణ వెళ్లేసరికి హనుమమ్మ కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. పొయ్యి మీది గిన్నె ఇక్కడ ఉందనుకుని చేయి పెట్టింది, మంట అక్కడ ఉంది. ఆసుపత్రి నర్సు కట్టు కట్టి, కళ్లలోకి లైటు వేసి చూసి, "ఇంకా తడవు చేస్తే కన్నే పోతాదవ్వా," అందట. ఆ మాట హనుమమ్మ ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. వీణ ఆంజనప్ప వైపు చూసింది. ఆయన ఏ జీవో మాటా ఎత్తలేదు. ఆ గుడ్డ కట్టిన చేతినే చూస్తూ నిలబడ్డాడు.  ఒంట్లో బాగాలేదేమో అనుకుంది వీణ.

తర్వాతి శుక్రవారం రైలు దిగి, రఫీక్ టీ కొట్టు దగ్గర ఆగితే అతనే అడిగాడు. "మేడం, మా నాయన పింఛను గూడా ఆపుతారా? ఆయప్పకు ఒక కంట్లోనే పొర ఉండాది."

"ఎవరు ఆపేది?"

"జీవో వచ్చినాది గదా. కంట్లో పొర ఉంటే వచ్చే సంవత్సరం నుంచి మిషను ఒప్పుకోదంట. ఆపరేషను చేపించుకుంటేనే పింఛనంట."

"నాకు తెలియకుండా ఎట్ల వచ్చింది?"

"మీకు చెప్తే మేము జాగ్రత్త పడతామని చెప్పల్యా," అన్నాడు రఫీక్, ఓదార్పుగా.

సచివాలయం ముందు నలభై మంది ముసలివాళ్లు ఉన్నారు. హిందూపురం వ్యానులో పేరు రాయమని అడుగుతున్నారు. నెల రోజులు బతిమాలినా ముగ్గురు దొరకని జాబితాకు ఆ రోజు కాగితం చాలలేదు. అందరికంటే ముందు, కట్టు కట్టిన చేత్తో మేకను పట్టుకుని హనుమమ్మ నిలబడి ఉంది. పదిన్నరకు పైఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆ జీవో ఎక్కడిది, ఎవరు పుట్టించారు, సాయంత్రానికి రిపోర్టు కావాలి. లేకపోతే వీణకే మెమో.

పుట్టించినవాళ్లు ఎవరో కనుక్కోవడానికి ఆమెకు పెద్దగా కష్టం కాలేదు. జనం చెప్పిన మాటల్లో 'ఇందుమూలముగా' అని ఉంది. ఆ వీధిలో ఆ మాట పలకగలిగే నోరు ఒక్కటే.

ఆంజనప్ప వసారాలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఫైళ్లు లేవు. ఆయన భార్య ఈశ్వరమ్మ గుమ్మం దగ్గర చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది.

"సార్, ఆ జీవో నంబరు ఎంత?" అంది వీణ.

ఆయన ఈశ్వరమ్మ వైపు చూశాడు.

"కాగితం యాడ సార్?"

ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల తెల్ల కాగితం తీసి ఇచ్చాడు. గుండ్రటి ఆఫీసు దస్తూరీతో నాలుగే పంక్తులు. 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, కంటిలో పొర గలవారిని రాబోవు సంవత్సరం నుండి మిషను గుర్తించజాలదు...'

"సంతకం లేదు చూడమ్మా," అన్నాడు చిన్నగా. "నంబరు లేదు. సీలు లేదు. సంతకం లేని కాగితం జీవో కాదు. నేను వీధిలో చదివి వినిపించినాను, అంతే. ఒక్కరన్నా సంతకం యాడ అని అడగల్ల గదా. అడుగుతారేమోనని ఆగి చూసినా గూడా."

"భయపెట్టి పంపిస్తారా సార్ మనుషుల్ని? షుగరు ఉండేవాళ్లు ఉండారు, గుండెజబ్బోళ్లు ఉండారు. ఆపరేషను కుదరదంటే వాళ్లు ఏం గావల్ల?"

ఆయన తల దించుకున్నాడు. ఈశ్వరమ్మ చేట కింద పెట్టింది.

"రెండు దినాల నుంచి ముద్ద దిగల్యా ఈయప్పకు," అంది. "ఉద్యోగంలో చేరిన కొత్తలో, పింఛను ఆర్డరు వస్తాంది, వచ్చే నెల మొదలవుతాది అని పైఆఫీసరు చెప్తే, ఈయన మడకశిర నుంచి వచ్చిన ఒకామెకు నోటిమాటగా చెప్పినాడు. మొగుడు పోయిన మనిషి. పదకొండు నెలలు బస్సెక్కి వచ్చింది. ఆర్డరు రాలేదు. పన్నెండో నెల ఆయమ్మే రాలేదు. అప్పటి నుంచి కాగితం లేకుండా ఎవరికీ ఏమీ చెప్పడు, ఎవరు చెప్పినా వినడు. అట్లాంటాయన హనుమక్క చేయి కాలింది చూసి వచ్చి, కూర్చుని ఇది రాసినాడు."

పెనుకొండ అంతా పదేళ్లుగా నవ్వుకున్న పిచ్చికి అర్థం ఇదా అనుకుంది వీణ. కానీ రిపోర్టు మాత్రం సాయంత్రానికి పంపాలి.

"అట్లాంటి జీవో లేదని నేను ఈ పొద్దే చాటించల్ల సార్. చాటిస్తే ఆదివారం వ్యాను ఖాళీగా పోతాది."

ఆంజనప్ప తల ఎత్తాడు. తర్వాత ముప్పై నాలుగేళ్ల సర్వీసు ఆయన ముఖంలోకి తిరిగి వచ్చింది. "రాసుకోమ్మా," అన్నాడు. "'సదరు ఉత్తర్వు ప్రతి ఏదియు ఈ కార్యాలయమునకు చేరలేదు. చేరిన పిమ్మట తగు చర్య తీసుకొనబడును. విచారించి సోమవారం సమగ్ర నివేదిక సమర్పించబడును.' అంతే. చూడు, ఒక్క అబద్ధం లేదు."

నిజంగానే లేదు. ప్రభుత్వ భాష ఎందుకు కనిపెట్టారో వీణకు ఆ రోజు తెలిసింది.

"షుగరోళ్ల సంగతి నేను చూసుకుంటా," అన్నాడు ఆయన. "డాక్టరు వద్దన్న ప్రతి మనిషి ఇంటికీ నేనే పోయి, నేను చదివింది అబద్ధమని చెప్తా."

ఆదివారం రెండు వ్యాన్లలో ముప్పై ఒక్కమంది హిందూపురం వెళ్లారు. సెలవు రోజైనా వీణ కూడా వెళ్లింది. డాక్టర్లు చూసి పన్నెండు మందిని వద్దన్నారు, మిగిలినవాళ్లకు ఒక్కో కంటికి ఆపరేషను చేస్తామన్నారు. హనుమమ్మ వంతు వచ్చేసరికి ఆకుపచ్చ గౌను తొడిగి తలుపు దాకా తీసుకుపోయారు. అక్కడ ఆమె ఆగిపోయి, ఆంజనప్ప చొక్కా పట్టుకుంది.

"నువ్వు గూడా లోపలికి రా అప్పా."

"పేషెంట్లు తప్ప ఇంకెవరూ పోకూడదు హనుమక్కా. రూలు."

"కాగితం చూపించు మల్ల."

వీణ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆంజనప్ప జేబు తడుముకున్నాడు. లోపలికి పోనివ్వలేదు గానీ, ఆపరేషను అయ్యేంతవరకూ ఆయన తలుపుకు భుజం ఆనించి నిలబడే ఉన్నాడు. లోపలి నుంచి "ఉండావా అప్పా?" అని వినిపించినప్పుడల్లా "ఉండా అక్కా" అంటూనే ఉన్నాడు. నర్సు వచ్చి రెండుసార్లు కసిరింది. ఆమెను మాత్రం ఏ ఆర్డరు ప్రకారం కసురుతున్నావని ఆయన అడగలేదు.

సోమవారం ఇద్దరూ కలిసి వీధి వీధీ తిరిగారు. అటువంటి ఉత్తర్వు ఏదీ లేదని వీణ చెప్పింది. అది తాను ఉత్తినే రాసిందని ఆంజనప్ప చెప్పాడు, ప్రతి గడపలోనూ, చేతులు కట్టుకుని. ఒక్కరూ నమ్మలేదు. "ఉండే జీవోను లేదంటాండారంటే ఇంకేందో పెద్దదే వస్తాంది," అని రఫీక్ నాయన తేల్చేశాడు. హసీనాబీ దుప్పట్లు వెతుక్కోవడానికి లోపలికి పోయింది. డాక్టరు వద్దన్న పన్నెండు మందికీ ధైర్యం చెప్పేసరికి ఆంజనప్పకు వారం పట్టింది. వాళ్లలో ఒకాయన కోసం బత్తలపల్లి ఆసుపత్రి దాకా రెండుసార్లు పోయి వచ్చాడు. పైఆఫీసుకు పోయిన సమగ్ర నివేదికలో 'వదంతి మూలము విచారణలో తేలినది, పునరావృతం కాకుండా హెచ్చరించడమైనది' అని ఉంది. హెచ్చరించింది ఈశ్వరమ్మ.

డిసెంబరు ఒకటిన వీణ ఎనిమిది నిమిషాలు ముందే వచ్చింది. హనుమమ్మ నల్లద్దాలు పెట్టుకుని, సినిమాకు బయలుదేరినట్టు గడపలో కూర్చుని ఉంది. ఆంజనప్ప నాలుగడుగుల దూరంలో గోడ పక్కన నిలబడ్డాడు. ఆయనకు మిషను మీద నమ్మకం ఉంది, రాత్రంతా నిద్ర మాత్రం లేదు. వీణ అద్దాలు తీయించి మిషను కంటికి ఎదురుగా పట్టింది. అది ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది. తర్వాత పచ్చ గుర్తు పడింది.

"హనుమమ్మే అంటాందవ్వా," అంది వీణ.

"నాకు ముందే తెలుసు," అంది హనుమమ్మ, నోట్లు కొంగున ముడి వేసుకుంటూ. ఆమె చూపు మాత్రం నోట్ల మీద లేదు. గోడ పక్కనున్న మనిషిని కింది నుంచి పైదాకా చూస్తోంది.

"ఎవరమ్మా ఆ ముసలాయప్ప?"

"ఆంజనప్ప సారే అవ్వా."

"ఆంజనప్పా? ఇంత ముసలోడా?" హనుమమ్మ జాలిపడింది. "ఆ గొంతు విని యాభై గూడా దాటల్యా అనుకుంటి. పాపం, ఇంత వయసులో నాకోసరం దొంగ కాగితం రాసినావా అప్పా?"

ఆంజనప్ప ఉలిక్కిపడ్డాడు. "నీకు తెలుసునా?"

"నాలుగు ముక్కల్లో అయిపోయింది గదా. గవర్నమెంటోళ్లు అంత తక్కువలో యాడన్నా చెప్తారా? అబద్ధమని ఆ పొద్దే తెలిసింది. సరే, ఇంతగా అడుగుతాండాడు, పోదాంలే అనుకున్నా."

వీణ మిషను సంచిలో పెట్టుకుంటూ ఆగిపోయింది. ఆంజనప్ప కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"ఇంకో కన్ను ఉండాది గదా," అంది హనుమమ్మ. "దానికి ఏం జీవో వస్తాది?"

"దానికి జీవో ల్యాదక్కా," అన్నాడు ఆయన. "ఊరికే పోదాం."

"సరే. మేకలకు ఎవరన్నా ఆకు వేసేటట్టుంటే చెప్పు. వచ్చే వారమైనా నాకు పరవాల్యా."

"నేను వేస్తాలే," అన్నాడు ఆంజనప్ప. ఎంత ఆకు, రోజుకు ఎన్నిసార్లు అని వివరంగా అడిగి, చెప్పింది చెప్పినట్టు నమ్మి ఇంటికి పోయాడు.